తీర మెవరిది?

నగరవాసులు శని, ఆదివారములలో గ్రామసీమలకు విహారమునకై వచ్చుటను మేము తప్పుపట్టము. వారమంతయు పొగ పీల్చుచు, మిద్దెమీద మిద్దెగా కట్టిన యిండ్లలో గాలికిని వెలుతురునకును కఱవై బ్రతుకువాడు, సెలవునాడు బిడ్డలను వెంటబెట్టుకొని యింత నీటిని, యింత యాకాశమును చూడగోరుట సహజము. మన పెద్దలును కార్తీకమాసమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనములు చేసినవారే. చెరువుగట్టు జాతరకు బండ్లు కట్టుకొని పోయి, చెట్లనీడన వండుకొని తిని వచ్చినవారే. అయితే వనభోజనమునకు పోయినవాడు ఉసిరిచెట్టు చుట్టు గోడ కట్టలేదు. మా వివాద మంతయు ఆ గోడతోనే.

కొన్నియేండ్లుగా మన నల్లగొండ, పాలమూరు సీమలలోని జలాశయములన్నియు హైదరాబాదు నగరమునకు విహారస్థలములగుచున్నవి. నాగార్జునసాగరము, దాని వెనుకజలములమీది వైజాగు కాలనీ, శ్రీశైలము దారిలోని డిండి, కొల్లాపురము ప్రక్కనున్న సోమశిల: ఏ సెలవుదినమున చూచినను కార్ల బారులే. ఈ విహారము పెరుగునే గాని తరుగదు. కావుననే ఇప్పుడే, తీరభూముల ధరలు ఇంకను పెరుగకమునుపే, కొన్ని మాటలు స్పష్టముగా చెప్పుట మంచిదని తలచుచున్నాము.

ముందుగా సాగరు రోడ్డును గూర్చి. ఇబ్రహీంపట్నము దాటి, మాలు మీదుగా, చింతపల్లి, కొండమల్లేపల్లి గ్రామములగుండ పోవు నీ దారిలో కార్లు దక్షిణమునకు పోవుచుండ, దాని వెంబడినే భూమిలోపల నీరు ఉత్తరమునకు పోవుచున్నది. పెద్దఅడిశర్లపల్లి మండలములోని అక్కంపల్లి జలాశయమున కృష్ణనీటిని నిలిపి, కోదండాపురమున శుద్ధిచేసి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మెట్టమెట్టున పంపులతో నెక్కించి హైదరాబాదునకు చేర్చుచున్నారు. మొదటి దశ 2004లోను, రెండవది 2008లోను, మూడవది 2015లోను పూర్తియైనవి. మూడును కలిసి దినమునకు 27 కోట్ల గ్యాలనులు. నగరమునకు నీరు కావలెను, కాదనువారము గాము. దప్పిగొన్నవానికి నీరియ్యని జిల్లా మనది గాదు. కాని ఆ నీటికి బదులుగా మనకు వచ్చుచున్న దేమి? మూసీ. నగరపు మురుగంతయు మూసుకొని మన పొలములగుండ పారి, వాడపల్లివద్ద కృష్ణలో కలియుచున్నది. మంచినీరు పోవుచున్నది, మురుగు వచ్చుచున్నది, సెలవునాడు విహారులు వచ్చి మరికొంత చెత్త వదలి పోవుచున్నారు. ఈ యిచ్చిపుచ్చుకొనుటలో మనకు దక్కిన భాగమెంతయో ఏ కరణమును లెక్క గట్టలేదు.

ఇక ఆ జలాశయము లెట్లు పుట్టినవో జ్ఞప్తికి తెచ్చుకొందము. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నందికొండవద్ద సాగరమునకు శంకుస్థాపన చేసి, దానిని దేవాలయముతో పోల్చిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. ఈ నడుమ పండ్రెండేండ్లలో నదీలోయలోని పల్లెలు ఖాళీయైనవి. నాగార్జునకొండలో ఇక్ష్వాకులనాటి విహారములను, స్తూపములను త్రవ్వి వెలికిదీసి, వానిలో ముఖ్యమైనవానిని విడదీసి, కొండమీదను అనుపులోను మరల నిలిపిరి. నేడు పడవమీద ఆ కొండకు పోయి చూచువా రెందరో. సంతోషమే. శ్రీశైలము ప్రాజెక్టున ముంపునకు గుఱియైన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విడదీసి తెచ్చి అలంపురమున కట్టిరి. అదియు సంతోషమే. రాళ్లకు చూపిన యీ శ్రద్ధలో నాలవవంతు మనుష్యులకు చూపియున్నచో మేమీ వ్యాసము వ్రాయవలసిన పని యుండెడిది గాదు.

శ్రీశైలము ముంపు కథ 1981 నాటిది. కృష్ణకు రెండువైపుల, కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో నూఱు గ్రామములవఱకు ఖాళీ చేయించిరి. లక్షమంది ప్రజలు కదలవలసివచ్చెను. నీరు వచ్చుచున్నదని యిండ్లు కూల్చిరి. పరిహారము చేతికి వచ్చినది కొందఱికి. అది ఖర్చైపోవుటయు త్వరితముగనే జరిగెను. పిమ్మట 1986లో 98వ నెంబరు ప్రభుత్వోత్తరువు వెలువడెను. నిర్వాసిత కుటుంబములో నొకరికి ఉద్యోగ మిత్తుమని దాని సారాంశము. ఆ యుత్తరువును చేతబట్టుకొని కొల్లాపురము, వనపర్తి ప్రాంతముల యువకులు కచేరీలచుట్టు తిరుగుచు నడివయసువారైరి. వారిలో కొందఱి బిడ్డలు సైతము అదే కాగితముతో తిరుగుచున్నారు. అదే తీరమున, సోమశిలలో, నల్లమల చుట్టుప్రక్కల, పర్యాటకాభివృద్ధికై కేంద్రప్రభుత్వము 2015–16లో స్వదేశదర్శన పథకముక్రింద 91 కోట్లకు పైగా మంజూరుచేసెను. కుటీరములు లేచినవి, పడవలు వచ్చినవి. పర్యాటకమునకు ధనము దొరకినది గాని, ముంపువానికి మాట దక్కలేదు. రెండును ఒకే నీటియొడ్డున జరుగుచుండుట విచారింపదగిన విషయము.

ఇందు న్యాయశాస్త్ర సంబంధమైన ప్రశ్న యొకటి కలదు. దానిని పాఠకులు కొంత యోపికతో విందురుగాక. రైతునుండి భూమిని బలవంతముగా తీసికొనుటకు సర్కారునకు గల అధికారము ఒక్క యాధారముమీద నిలిచియున్నది: ప్రజాప్రయోజనము. సాగరమునకు 590 అడుగులవఱకు, శ్రీశైలమునకు 885 అడుగులవఱకు నీరు నిలుచును గనుక, ఆ మట్టములోపలి భూములు నీటికొఱకు కావలెనని తీసికొనిరి. బంజరులకు నీరు, చీకటికి దీపము, దప్పికి పానీయము. రైతు కన్నీరు తుడుచుకొని, పదిమంది మేలుకొఱకు గదా యని లేచిపోయెను. నేడు ఆ తీరమున, నీటికంచున, ప్రైవేటు వ్యక్తి గేటు పెట్టి, లోనికి వచ్చుటకు రుసుము వసూలుచేసిన యెడల ఆ రైతు మనుమడు ఏమని యడుగును? “మా తాత భూమి తీసికొన్నది నీటికా, విహారమునకా?” ఈ ప్రశ్నకు మావద్ద నిజాయితీగల జవాబు లేదు.

చట్టపు టక్షరమును బట్టి చూచిన, పాత సేకరణలలో భూమి తిరిగి యిమ్మని యడుగుట సులభము గాదు. మిగులుభూమిని సర్కారు వేఱొక ప్రజాప్రయోజనమునకు వాడవచ్చును, లేదా బహిరంగముగా వేలము వేయవచ్చునని సుప్రీంకోర్టు చెప్పియున్నది. 2013 నాటి భూసేకరణ చట్టము 99వ సెక్షనులో సేకరించిన ప్రయోజనమును మార్చరాదని విధించినది గాని, అది ఆ చట్టముక్రింద తీసికొన్న భూములకు. కాబట్టి న్యాయస్థానపు మెట్లెక్కి రేపే గెలుతుమని యెవ్వరికిని మేము ఆశ పెట్టము. అయినను చేతిలో వేఱొక యాయుధము కలదు. హిమాచలప్రదేశమున బియాస్ నదీతీరమున ఒక విహారగృహమువారు అటవీభూమిని ఆక్రమించి, తమ కట్టడమును కాపాడుకొనుటకు నదీప్రవాహమునే మళ్లింప జూచిరి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కౌలును రద్దుచేయుచు, నదులు, తీరములు, అడవులు ప్రజల సొత్తనియు, ప్రభుత్వము వానికి ధర్మకర్త మాత్రమే యనియు, ధర్మకర్త తన చేతిలోని సొత్తును ఒకని స్వలాభమునకు ధారపోయజాలడనియు తీర్పు చెప్పెను. 2006లో మన తిరుపతి చుట్టుప్రక్కల అవిలాల, పేరూరు చెఱువుల వ్యాజ్యమునను ఇదే సూత్రమును వల్లించిరి. కాని అప్పటికే చెఱువులో ఇండ్లు లేచియుండుటచే పూర్తిగా పూర్వస్థితికి తెచ్చుట కుదురలేదు. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన ఒక సంగతి తేటపడును: గోడ లేవకముందు పోయినవానికి న్యాయము లభించినది; లేచినపిదప పోయినవానికి సూత్రము లభించినది.

నగరపు పెరటిలోనే ఇందులకు నిదర్శన మున్నది. 1908 సెప్టెంబరులో మూసీ వరదకు హైదరాబాదు కొట్టుకొనిపోయిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలపై గండిపేట, హిమాయతుసాగరములు వెలసినవి. గండిపేట 1920లోను, హిమాయతుసాగరము 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు, నగరమునకు త్రాగునీరిచ్చుటకు అవి. ఆ నీటికి మాలిన్యము సోకకుండ 1996 మార్చి 8వ తేదీన 111వ నెంబరు ఉత్తరువు వెలువడెను. జలాశయములనుండి 10 కిలోమీటర్లవఱకు మాలిన్యకారులైన పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు కూడవని దాని కట్టడి. 84 గ్రామములు దాని పరిధిలోనివి. ఏమి జరిగెనో నగరవాసులకు వేఱుగ చెప్పనక్కరలేదు. ఫారంహౌసులు లేచినవి, విందుమందిరములు లేచినవి. “ఇది తోటయిల్లు, ఇది కాలనీ కాదు” అని తర్కించు న్యాయవాదులును లేచిరి. మా వృత్తిలోనివారే గనుక సిగ్గుతో చెప్పుచున్నాము. 2022 ఏప్రిలులో ప్రభుత్వము ఆ కట్టడులను సడలించుచు వేఱొక ఉత్తరువు చేసెను. 2023 మే నెలలో నాటి మంత్రివర్గము దానిని పూర్తిగా తీసివేయ నిర్ణయించినట్లు ప్రకటించెను. 2024లో తరువాతి ప్రభుత్వము చెఱువుల యాక్రమణలను తొలగించుటకు హైడ్రా యను సంస్థను నెలకొల్పి, యంత్రములతో గోడలు కూల్చుట మొదలిడెను. ఒక చేతితో కట్టనిచ్చి, మరియొక చేతితో పడగొట్టించుటకంటె, మొదటనే కట్టనీయకుండుట చౌక. నల్లగొండకు గండిపేట గతి పట్టకుండ చూచుకొను అవకాశ మింకను మిగిలియున్నది.

వైజాగు కాలనీని గూర్చి కొంచెము చెప్పవలెను. అది దేవరకొండ దాటిన తరువాత, నేరేడుగొమ్ము మండలమున, సాగరపు వెనుకజలముల యొడ్డున ఉన్నది. విశాఖపట్టణము ప్రాంతమునుండి చేపలవేటకై వలసవచ్చిన కుటుంబము లచ్చట గుడిసెలు వేసికొని స్థిరపడినవి. అందుచే ఆ పేరు. వారెవ్వరును విహారస్థలమును కట్టలేదు. వల వేసిరి, చేపలు పట్టిరి, వచ్చినవారికి వండి పెట్టిరి. ఆ కూర రుచికి నగరము వెదకికొనుచు వచ్చినది. నేడు పదిమంది పడవలు నడిపి, పులుసు వండి, నాలుగు రూకలు చూచుచున్నారు. మేము కోరు విహార మిట్టిది: వచ్చినవాడు అతిథి, ఉన్నవాడు గృహస్థు. కాని ఆ చోటు పేరుకెక్కిన కొలదియు గృహస్థు స్థానము ప్రమాదమున పడును. అతనికి పట్టా లేదు, పెట్టుబడి లేదు. పట్టాయు పెట్టుబడియు గలవాడు వచ్చి ప్రక్కన అద్దాల భోజనశాల తెఱచిన దినమున, వలవాడు ఆ భోజనశాలలో గిన్నెలు కడుగువాడగును. దీనిని కొందఱు ఉపాధి యందురు.

ఆ మాటకు వత్తము. “రిసార్టులు వచ్చిన గ్రామమునకు పనులు దొరకును గదా, మీరేల అడ్డుపడెదరు?” అని మిత్రు లనేకులు మమ్మడుగుచున్నారు. పనులు దొరకును, నిజము. తోటమాలి, కాపలావాడు, పక్కలు మార్చు స్త్రీ. పని నీచమని మేమనము. కాని భూమిగలవాడు భూమి పోగొట్టుకొని, తన భూమిమీదనే కాపలావాడగుటను అభ్యుదయ మనలేము. ఈ సీమకు ఆ కథ క్రొత్తది గాదు. దొరలు, అధికారులు వేటకో సర్కీటుకో పల్లెలకు దిగినప్పుడు కోళ్లు, నేయి, కట్టెలు, గడ్డి ఊరివారే ఈయవలెను. మూటలు వారే మోయవలెను. దానికి వెట్టి యని పేరు. 1930లో జోగిపేటలోను, 1931లో ఇదే దేవరకొండలోను ఆంధ్రమహాసభలు జరిగిననాడు ఈ సీమ ప్రజలు నోరు విప్పినది ఇట్టి బాధలను గూర్చియే. నేటి విహారి డబ్బిచ్చుచున్నాడు. వెట్టి చేయించుట లేదు. రెండింటిని ఒకటియని చెప్పుట అన్యాయము. అయినను ఒకరి వినోదమునకు వేఱొకరు ఊరివాడుగా గాక ఊడిగమువాడుగా మిగులు నేర్పాటు ఏదైనను, పాత వాసన కొట్టకమానదు.

విదేశములలోను ఈ తగవు నడచినదే. ఇంగ్లండులో మాంచెస్టరు మిల్లులలో పనిచేయు యువకులకు ఆదివారము గుట్టలమీద తిరుగవలెనని కోరిక. గుట్టలన్నియు ప్రభువుల పక్షివేటకై కంచెలలో నుండెను. 1932 ఏప్రిలు 24వ తేదీన వందలమంది కలిసి కిండర్ స్కౌట్ అను గుట్టమీదికి హద్దు మీరి నడచిరి. అయిదుగురు చెఱసాలకు పోయిరి. 1949లో ఆ దేశపు పార్లమెంటు జాతీయోద్యానములకును, గ్రామసీమలలో ప్రజల ప్రవేశమునకును చట్టము చేసెను. గమనింపుడు: అచ్చట పోరాడినది నగరవాసియే. గ్రామసీమ అందఱిదని అతడు వాదించెను. మన హైదరాబాదు విహారులలో పదింట తొమ్మిదిమంది గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న వర్తకులు, కంప్యూటరు కచేరీలలో జీతగాండ్రు. తీరమంతయు గేట్లపాలైన నష్టపోవువారు వారును కూడ. రాత్రికి వేలరూపాయలు పోయువానికే నీటియొడ్డు దక్కి, పులిహోర కట్టుకొని బస్సుదిగిన సంసారి గేటుబయట నిలువవలసివచ్చును. కావున ఈ వ్యాజ్యమున నగరపు సామాన్యుడును, తీరపు పల్లెవాడును ఒకే పక్షమువారు.

నీటిని గూర్చి మాటాడుచు ఫ్లోరైడును మఱచుట నల్లగొండవాని వశము గాదు. సాగరు రోడ్డున పోవు విహారి చింతపల్లివద్ద బండి ఆపి టీ త్రాగుచున్నప్పుడు, ప్రక్కనే మర్రిగూడెము వైపు పల్లెలలో వంగిన వెన్నులతో, వంకరపోయిన కాళ్లతో మనుష్యులు బ్రతుకుచున్నారని యెఱుగడు. బోరుబావి నీటిలోని ఫ్లోరైడు తరములపాటు వారి యెముకలను తినివేసినది. 1970వ దశకమున నాగపురపు పర్యావరణ పరిశోధనసంస్థ పటికతోను సున్నముతోను ఈ దోషమును తీయు పద్ధతిని రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టెను. ఇట్లు నల్లగొండ పేరు ప్రపంచపు శాస్త్రగ్రంథములకెక్కినది. 1996లో లోకసభ యెన్నికలలో ఈ జిల్లావారు నిరసనగా 480 మంది అభ్యర్థులుగా నిలిచిరి. బ్యాలెటు పత్రము పుస్తకమైనది, ఎన్నిక వాయిదా పడినది. దేశ మొక్కసారి ఇటు తలత్రిప్పి చూచెను. 2016లో మిషన్ భగీరథ ఆరంభమైన పిదప నదీజలము ఇంటింటి నల్లాకు వచ్చుట మొదలైనది. ఆ మేలును కాదనుట తగదు. కాని వంగిన యెముక నల్లానీటితో చక్కబడదు. పొలమునకు ఇప్పటికిని బోరే దిక్కు. శ్రీశైలమునుండి కొండల క్రిందుగా ఇంచుమించు 44 కిలోమీటర్ల సొరంగము త్రవ్వి ఈ మెట్టసీమకు నీరు తెత్తుమని యేండ్ల క్రిందట మొదలిడిన పని నేటికిని ముగియలేదు. 2025 ఫిబ్రవరి 22వ తేదీన దోమలపెంటవైపు ఆ సొరంగము కూలి ఎనమండుగురు కార్మికులు లోపల చిక్కుకొనిరి. వారు ఇతర రాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. మన దప్పికకు వారు తమ ప్రాణములను పణముగ పెట్టిరి. విహారమునకు నీరు దొరకిన వేగమున పొలమునకు నీరు దొరకకుండుట ఎందువలన నని అడుగు హక్కు ఈ జిల్లాకు లేదా?

మేము కోరుచున్నవి పెద్ద కోరికలు గావు. నీటిమట్టపు హద్దునుండి తీరము పొడవునను కాలిబాట యొకటి అందఱికి తెఱచియుండవలెను. ఏ గేటును దానికి అడ్డు రాకూడదు. నీరు తగ్గినప్పుడు బయటపడు భూమిలో నిర్వాసితులు పైరు వేసికొనుట ఎన్నో యేండ్ల వాడుక. దానిని విహారభూమిగా మార్చరాదు. పడవలు నడుపు హక్కు, తినుబండారముల యంగళ్లు, బండ్లు నిలుపు స్థలముల రుసుము మొదట మత్స్యకార సంఘములకును, ముంపు కుటుంబములకును, చుట్టుపట్ల తండాలకును ఈయవలెను. వేలములో పెద్ద గుత్తేదారు కొట్టుకొనిపోవు పద్ధతి మానవలెను. 98వ నెంబరు ఉత్తరువుక్రింద మిగిలియున్న దరఖాస్తుదారులకు ఉద్యోగము లీయలేమన్నచో, తీరపు పర్యాటకశాఖ పనులలోనైన వారికి మొదటి స్థాన మీయవచ్చును గదా. పడవలకు తనిఖీ, ప్రతివానికి ప్రాణరక్షక చొక్కా, మత్తుగొన్నవానిని నీటిలోనికి దిగనీయకుండుట: ఇవి చెప్పవలసివచ్చుటయే విచారకరము. 2019 సెప్టెంబరులో కచ్చులూరువద్ద గోదావరిలో విహారపు పడవ మునిగి పదులకొలది ప్రాణములు పోయిన తరువాతనైనను కృష్ణమీద మనము మేలుకొనవలదా? ఇక ప్లాస్టిక్కు సీసాలను గూర్చి విహారులకే మా మనవి. ఆ నీరే మరునాడు మీ యింటి నల్లాలో వచ్చును.

ఒక పని మాత్రము సర్కారు అనుమతికై వేచియుండక నేడే చేయవచ్చును. 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద నీటిపారుదల శాఖకు పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, సాగరము, శ్రీశైలము, డిండి, ఉదయసముద్రము జలాశయముల పూర్తి నీటిమట్టపు హద్దుల పటములను, ఆ హద్దులోపల ఎవరికైన కౌలు ఇచ్చియుండిన ఆ పత్రముల నకళ్లను అడుగవలెను. దేవరకొండ, నల్లగొండ, కొల్లాపురము, అచ్చంపేట పఠనాలయముల కార్యదర్శులు ఈ నెలలోనే ఆ పని చేయగోరుచున్నాము. దరఖాస్తు నమూనా కావలసినవారికి మా కార్యాలయమున ఉచితముగ ఈయబడును. పటములు వచ్చిన వెంటనే, వార్తాపత్రికలు చదువు బల్లకు ఎదురుగా, అందఱికి కనబడునట్లు గోడకు వ్రేలాడదీయవలెను.